దిబ్బ కింద చెమ్మ

అద్దంకి దగ్గరి పల్లెలో పుట్టి, ఆ పక్క పల్లెకే కోడలుగా వెళ్లిన రహిమున్నీసా నలభై దాటినా సముద్రం చూడలేదు. చూడకపోయినా దాని మీద సందేహాలకు మాత్రం కొదవ లేదు. ఏ సంగతైనా తేల్చుకుంటే గానీ ఆమెకు తోచదు. మందు కొట్టే స్ప్రేయరు కొత్తగా ఇంటికొస్తే, భర్త బుడాన్ పొలం నుంచి తిరిగొచ్చేలోపు దాన్ని పూర్తిగా ఊడదీసి చూసి, మళ్లీ బిగించేసింది. ఒక మర మిగిలిపోయింది గానీ, మిషను బాగానే పనిచేసింది.

రెండువేల మూడు వేసవిలో, మిరపకాయలు అమ్మేశాక, ఒంగోలులో డిగ్రీ చదువుతున్న కూతురు షమా పట్టుబట్టింది.

"కొత్తపట్నం దాకా బస్సులో పోదాం. అక్కణ్ణించి ఇసుక దిబ్బల మీదుగా సముద్రం పక్కనే నడుద్దాం. సాయంత్రానికి వెనక్కి వచ్చేయొచ్చు."

"నడవడానికి బస్సెక్కి పోవాలా? ఆ నడిచేదేదో మన చేలో నడవరాదూ?" అన్నాడు బుడాన్. అన్నాడే గానీ, ఆదివారం తెల్లారేసరికి ఇస్త్రీ పంచె కట్టుకుని, పులిహోర డబ్బా చేతబట్టుకుని, అందరికంటే ముందు గుమ్మంలో నిలబడ్డాడు.

నల్లరేగడిలో పెరిగిన కాళ్లకు ఇసుక కొత్త. ముందుకు వేసిన అడుగు సగం వెనక్కి జారుతోంది. ముగ్గురూ చెప్పులు విప్పేసి, సరుగుడు చెట్ల మధ్య నుంచి ఆయాసపడుతూ దిబ్బ ఎక్కారు. అవతలి అంచుకు వచ్చేసరికి ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. వానాకాలపు అలలు దిబ్బను నిట్టనిలువుగా కోసేశాయి. రెండు నిలువుల కింద తీరం. ఆపైన చూపు ఆనేదాకా నీళ్లే.

"ఎట్టుందమ్మా?" అంది షమా.

రహిమున్నీసా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "చప్పుడంతా గట్టు దగ్గరే చేస్తుందేందే? అవతల అంతుంది గదా, అక్కడంతా గమ్మునే ఉంది!"

అంచు వెంబడి నడక సాగింది. గాలికి చీర కొంగు ఎగిరిపోతుంటే బొడ్లో దోపుకుని, రహిమున్నీసా మాటిమాటికీ కిందికి వంగి చూస్తోంది.

"అంచుకు పోబాకే! జారుద్ది!" వెనక నుంచి కేకలేస్తున్నాడు బుడాన్.

"కింద చూడండి. ఇసకంతా తెల్లగుంటే, దిబ్బ మొదట్లో మాత్రం నల్లంగా చారలాగా ఉంది. పచ్చగడ్డి కూడా..."

మాట పూర్తి కాలేదు. కాళ్ల కింద అంచు విరిగింది. ఇసుకతోపాటు ఆమె కూడా చతికిలబడి సర్రున కిందికి జారిపోయింది.

షమా కెవ్వున అరిచింది. అంతవరకు అంచు దగ్గరికి రావడానికే భయపడ్డ బుడాన్, డబ్బా అక్కడే పడేసి, ముందూ వెనకా చూడకుండా ఆమె వెనకాలే దూకేశాడు. ఒంటినిండా ఇసుకతో లేచి చూస్తే, భార్య మోకాళ్ల మీద కూర్చుని చెమ్మలో రెండు చేతులా గుంట తవ్వుతోంది.

"దెబ్బ తగిలిందా? నడుం పట్టేసిందా?"

"నాకేం కాలా. ఇది చూడండి ముందు."

గుంటలోకి నీళ్లు మెల్లగా ఊరుతున్నాయి. అవి తేరుకునేదాకా ఆగి, దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుంది. కళ్లు పెద్దవయ్యాయి.

"ఉప్పు లేదండీ!"

బుడాన్ నమ్మలేదు. తనూ ఓ గుక్క తాగాడు. మళ్లీ తాగాడు. అక్కడే చతికిలబడ్డాడు.

"మన చేలో అంత లోతు బోరేస్తే ఉప్పునీళ్లు పడ్డాయి. ఆ నీళ్లతో పప్పు కూడా ఉడకదు. సముద్రం పక్కన ఈ తియ్యనీళ్లేంది?"

డబ్బా పట్టుకుని చుట్టుదారిన దిగొచ్చిన షమా కూడా రుచి చూసింది. "వాన నీళ్లు దిబ్బలో ఇంకి, ఇట్టా కింద ఊరతన్నాయేమో నాన్నా. నాకూ సరిగ్గా తెలీదు."

"సరే, మరి ఎందాకా తీపి? ఉప్పు ఎక్కడ మొదలవుద్ది?" అంది రహిమున్నీసా.

దానికి జవాబు తెలుసుకోవాలంటే తవ్వడమొక్కటే దారి. నడక సంగతి మరిచిపోయారు. పులిహోర డబ్బా మూతతో సముద్రం వైపు కాస్త జరిగి ఒక గుంట, ఇంకాస్త జరిగి మరొకటి. తవ్వడం, తేరుకునేదాకా కాచుకుని కూర్చోవడం, రుచి చూడడం. వలలు ఆరబెట్టుకుంటున్న వాళ్లు పనాపి వీళ్ల వంక చూశారు. అలలకు బాగా దగ్గరగా తవ్విన గుంట దగ్గర తగువొచ్చింది. ఉప్పన్నాడు బుడాన్. కాదంది షమా. రహిమున్నీసా మరోసారి తాగి చూసి, "చప్పగానూ లేదు, ఉప్పగానూ లేదు. ఇక్కడే కలుస్తన్నాయి రెండూ!" అని సంబరంగా అరిచింది. అంతలో పెద్ద అలొచ్చి గుంటతోపాటు ముగ్గురినీ తడిపేసింది.

పొద్దు వాలింది. తడిబట్టలు పిండుకుంటూ బయల్దేరారు. దిబ్బ ఎక్కి దిగాక సరుగుడు చెట్ల దగ్గర బుడాన్ ఆగాడు.

"దిబ్బకు ఈ పక్కన తవ్వితే ఎట్టుంటయ్యో?"

"బస్సు పోద్ది నాన్నా!" అంది షమా.

"ఇంకోటి రాదా ఏంది?" అంటూ పంచె పైకెగ్గట్టి కూర్చున్నాడు. మూత కోసం చెయ్యి చాపాడు. రహిమున్నీసా ఇవ్వలేదు. అప్పటికే ఆమె తవ్వడం మొదలెట్టేసింది.