పిడికిలి పడని చెయ్యి

కట్టు విప్పిన కుడిచేతిని బల్ల మీద పెట్టి యోగేందర్ పిడికిలి బిగించబోయాడు. ఒక్క వేలూ వంగలేదు.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గరి క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు అమల అతని వేళ్ళను ఒక్కొక్కటే పట్టుకుని వంచి చూసింది. నొప్పికి అతని నుదుట చెమట పట్టింది. వేళ్ళు మాత్రం చెక్కముక్కల్లా నిలబడ్డాయి.

"ఆపరేషన్ బాగానే చేశారండీ. ఎముక అతుక్కుంది. మరి ఇన్నాళ్ళూ వేళ్ళెందుకు కదపలేదు?"

"కదపొద్దన్నరు గద మేడం."

"ఎవరన్నారు? రెండో వారం నుంచే మొదలుపెట్టాలి. ఇప్పుడు వేళ్ళను లాగే తాళ్ళు లోపల ఎముకకి అంటుకుపోయాయి."

"మరి బ్రష్షు పట్టుకుంటనా?"

అమల ఎక్స్‌రే కవర్లో పెట్టింది. "ముందు చెంచా పట్టుకునేలా చూద్దామండీ."

ఫ్లెక్సీలు వచ్చాక కూడా దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డులు కొన్ని యోగేందరే రాసేవాడు. సాయంత్రమైతే అదే బ్రష్షుతో గోడల మీద జై తెలంగాణ. సకల జనుల సమ్మె మొదట్లో, రాస్తారోకో తొక్కిసలాటలో కిందపడ్డాడు. ఎవరి కాలో పడి అరచేతి ఎముక రెండు ముక్కలైంది.

కారులో ఆసుపత్రికి చేర్చిందీ, డాక్టరుతో మాట్లాడిందీ ఇంటి ఓనరు విశ్వేశ్వరరావు. గుంటూరాయన. 'వేళ్ళు కదిపితే ఎముకకేసిన ప్లేటు ఊడతదని ఓనరు సారుకు డాక్టర్లు చెప్పిండ్రంట' అని భార్య భానుప్రియ ఇంటికొచ్చాక అంది. బస్సులు బంద్ కావడంతో మళ్ళీ ఆసుపత్రికి పోలేదు. కుట్లు గల్లీ చివరి కాంపౌండరే తీసి మళ్ళీ కట్టు కట్టాడు.

ఆటో దిగుతూనే యోగేందర్ ఎడమచేత్తో ఓనరు గేటు బాదాడు.

"సార్! జర బయటికి రా!"

విశ్వేశ్వరరావు పేపరుతోనే వచ్చాడు. "ఏంటయ్యా, ధర్నాకి నా గేటే దొరికిందా?"

"నా చెయ్యి తిన్నవ్ గదా! గోడల మీద రాస్తున్నమని మనసుల పెట్టుకున్నవ్."

"నా గోడ మీదే 'ఆంధ్రా ఓనర్లూ ఖబడ్దార్' అని రాశావు. అక్షరాలు ముద్దుగా ఉన్నాయని సున్నం కూడా వేయించలేదు. చెయ్యెందుకు తింటానయ్యా?"

"వేళ్ళు కదపొద్దని చెప్పింది నువ్వు గాదా?"

ఓనరు చేతిలోని పేపరు కిందికి జారింది. "నేనా? రోజూ పిడికిలి బిగించి విప్పమన్నాడు డాక్టరు. మానితే చెయ్యి పనికిరాదన్నాడు. మీ ఆవిడ పక్కనే ఉంది. తల కూడా ఊపింది."

యోగేందర్ వెనక్కి తిరిగాడు. వెనక పోర్షన్ గుమ్మంలో భానుప్రియ నిలబడి ఉంది. అతనికి తినిపించడానికి కలిపిన అన్నం గిన్నె ఆమె చేతిలో ఉంది.

"భానూ?"

ఆమె గిన్నె అరుగు మీద పెట్టింది.

"సారునేం అనకు. నేనే చెప్పిన గట్ల. చెయ్యి ఇరిగిననాడు ఏమన్నవ్? 'మంచిగైతే మళ్ల పోత' అన్నవ్. ఈసారి చెయ్యి గాదు, పానమే పోతదనిపించింది. సమ్మె అయిపోయెదాంక ఇంట్ల కూసుంటవ్, తర్వాత నిజం చెప్త అనుకున్న. డాక్టర్ అన్నది ఇన్న. భయపెట్టనీకె అంటుండనుకున్న. నిద్రల నువ్వు ఎన్నిసార్లు వేళ్ళు కదిపినవో. నేనే లేచి గట్టిగ పట్టుకొని ఆపిన."