గలాటా లేకుండా

తెలుగు మీడియం సెక్షన్ ఆఖరి పిల్లలు ఈ వేసవిలో పరీక్షలు రాసి వెళ్ళిపోయారు. తమిళనాడులో తిరుత్తణి పక్కన ఆ చిన్న ఎయిడెడ్ బడిలో తెలుగు టీచరు చంద్రావతికి ఇక మిగిలింది లైబ్రరీలో ఒక కుర్చీ, నెలనెలా జీతం. పని లేకుండా జీతం, అదృష్టవంతురాలివి అన్నారు అందరూ. ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండేది.

కొన్నేళ్ళ కిందట సెక్షన్ ఎత్తేస్తామని బడి కమిటీ మొదట అన్నప్పుడు నేతవీధి ఆడవాళ్ళంతా గేటు ముందు బైఠాయించారు. కమిటీ ప్రెసిడెంటు మునిస్వామి పరాయివాడేమీ కాదు, ఆమె పెదనాన్న కొడుకు. కోపమొస్తే తెలుగులోనే తిట్టే మనిషి.

"ఎందుకు చంద్రా గలాటా? నిదానంగా చేస్తాము. ఈ ఏడు ఒకటో క్లాసు మాత్రం ఆపుతాము. ఇప్పుడుండే బిడ్డల్ని కదిలించము" అన్నాడు.

న్యాయంగానే తోచింది. ఆడవాళ్ళను బతిమాలి లేపింది చంద్రావతే. ఆ తర్వాత ఏటా కింది నుంచి ఒక్కో తరగతి పోయింది. ఎవరి బిడ్డనూ కదిలించలేదు కాబట్టి ఎవరికీ కోపం రాలేదు.

చెన్నైలో ఫిజిక్స్ పరిశోధన చేస్తున్న కూతురు యశస్విని ఒక ఆదివారం ఇంటికొచ్చింది. "ఇన్నేండ్లుగా నువ్వు చేసేదేందో నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అంది చంద్రావతి, అన్నం వడ్డిస్తూ.

"అణువులంత అయస్కాంతాలు వరసగా ఉండాయనుకోమ్మా. బయట్నుంచి ఒక బలం వాటిని పట్టుకోనుంటుంది. దాన్ని తగ్గించుకుంటా వస్తే ఒకచోట వాటి పద్ధతే మారిపోతుంది. అన్నీ కుడికో ఎడమకో ఒకే పక్కకి తిరగాల. అదే క్వాంటమ్ ఫేజ్ ట్రాన్సిషన్. ఆ మలుపు దగ్గర అవి మందగిస్తాయి. మనం గబగబా దాటించేస్తే ఒకదాని సంగతి ఇంకోదానికి అందదు. కొన్ని ఇట్ల, కొన్ని అట్ల తిరుగుతాయి, మధ్యలో అతుకులు మిగిలిపోతాయి. మేము డిఫెక్ట్స్ అంటాము."

"నిదానంగా దాటిస్తే?"

"తగ్గుతాయి. వరస చిన్నదై, బాగా నిదానంగా పోతే ఒక్క అతుకూ మిగలదు. మాకు కావల్సింది అదే."

చంద్రావతి చేతిలో గరిటె ఆగిపోయింది. "మా బడీ చిన్నదే గదే" అంది.

యశస్వినికి తల్లి దేని గురించి అంటోందో అర్థమైంది. "అవి మనుషులు కాదమ్మా. వాటికి కష్టం సుఖం ఉండవు."

"అందుకే వాటిని తిప్పేవాళ్ళకి పాపం లేదు" అని చంద్రావతి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మునిస్వామి కారేసుకొని వచ్చాడు. తిరువళ్ళూరు అవతల ఒక పల్లెలో కూడా తెలుగు సెక్షన్ ఎత్తేస్తున్నారట, ఆడవాళ్ళు గేటు దగ్గర కూర్చున్నారట. ఆ బడివాళ్ళు ఇతన్ని సలహా అడిగారట.

"నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పు చంద్రా. మన బడిలో గలాటా లేకుండా అయిపోయిందంటే నీవల్లే గదా."

"వస్తాను, అన్నా" అంది ఆమె వెంటనే.

దారంతా అతను డ్రైవరు పక్కన ముందు సీట్లో ఫోన్ మీద ఫోన్ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె చెవిన పెట్టలేదు. చెప్పాల్సిన మాట మనసులో గట్టి చేసుకుంటోంది. లేవొద్దండి. ఎవరేం చెప్పినా లేవొద్దు. నాలాంటిది వచ్చి బతిమాలినా లేవొద్దు.

కారు ఆగేసరికి ఆడవాళ్ళు నిలబడి టార్పాలిన్ పట్ట దులుపుతున్నారు. వాళ్ళలో పెద్దావిడ సెల్లమ్మ ఎదురొచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

"మీరేనా టీచరమ్మా? అన్న ఇప్పుడే ఫోన్లో అంతా చెప్పినాడు. మీ ఊర్లో మీరే అందర్నీ లేపినారంట, ఎంతో నెమ్మదిగా జరిగిపోయిందంట. ఒకటో క్లాసు ఒక్కటే గదా అని మేమూ ఒప్పుకున్నాము. పాపం, మీకే ఊరికే శ్రమ."

"లేవొద్దని చెప్పేదానికి వచ్చినా తల్లీ" అంది చంద్రావతి.

సెల్లమ్మ ఆమెను జాలిగా చూసింది. "లేచేసినాము గదమ్మా" అంది. పట్ట మడిచి చంకలో పెట్టుకుని, కాఫీ తాగి పొమ్మని పిలిచింది. గేటు ముందు వాళ్ళు కూర్చున్న గుర్తు కూడా లేదు.