పొడి అక్షరాల ప్రేమకథ

ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దే ఆమె బల్ల మీదికి ఒక పేరుమోసిన సేనాధిపతి ఆరో జీవితచరిత్ర వచ్చింది. ఆయన పోయి అరవై ఏళ్లయినా ఆయన ప్రేమాయణాలకు మాత్రం చావు రాలేదు. ఏడో అధ్యాయం పేరు 'టైపిస్టు ప్రేయసి'. ఆ టైపిస్టు ఆమెకు సొంత పెద్దమ్మ.

ఎనభై నాలుగేళ్ల పెద్దమ్మ ఆమె దగ్గరే ఉంటోంది. ఆయన మీద మొదటి పుస్తకం వచ్చిన ఏడాదే కుదిరిన పెళ్లి తప్పిపోయింది. ఆ తర్వాత అడిగినవాళ్లు లేరు.

"నేను కళ్లు మూసేలోగా ఒక్క పుస్తకంలోనైనా ఆ మాట లేకుండా చూడవే" అంది పెద్దమ్మ. చూస్తానని ఆమె మాటిచ్చింది.

ఆరో పుస్తకం ఐదోదాన్ని సాక్ష్యంగా చూపింది, ఐదోది నాలుగోదాన్ని. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, ఒక్క మహానుభావుడూ నిజమేనా అని అడిగిన పాపాన పోలేదు. పైగా మూడోవాడు వెన్నెల చేర్చాడు, నాలుగోవాడు పడవ షికారు చేర్చాడు. పెద్దమ్మకు నీళ్లంటే చచ్చేంత భయం.

అసలు ఆధారం మొదటి పుస్తకంలో దొరికింది. 'ఆయన ప్రతి ఉత్తరం అడుగునా ఆయన పొడి అక్షరాలు, ఒక గీత, ఆ పక్కనే ఆమె పొడి అక్షరాలు. దాచలేని ప్రేమకు ఇంతకన్నా ముద్ర ఏం కావాలి?'

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉత్తరం చెప్పినవారివీ, టైపు కొట్టినవారివీ పొడి అక్షరాలు అడుగున వెయ్యడం ఆఫీసుల్లో రివాజు. తప్పు దొర్లితే ఎవరి చెవి మెలెయ్యాలో తెలియడానికి. జన్మలో ఆఫీసు గడప తొక్కని పండితుడు దాన్ని ప్రేమనుకున్నాడు. ఆ లెక్కన సైన్యానికి బూట్లు పంపమన్న ఉత్తరాలు కూడా ప్రేమలేఖలే. ఆ మూర్ఖత్వానికి ఒక ఆడదాని బతుకు బలైపోయింది.

ఆరో రచయిత ప్రూఫులకోసం వచ్చినప్పుడు ఆమె ఇదంతా విడమరిచి చెప్పింది. ఆయన శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకున్నాడు.

"అయితే ఆ అక్షరాలు మీ పెద్దమ్మగారే కొట్టారంటారు?"

"ఆవిడేనండీ. ప్రతి ఉత్తరం మీదా. అది ఆఫీసు పద్ధతి."

"మీరు నిశ్చింతగా ఉండండమ్మా. అధ్యాయం తిరగరాస్తాను."

ఆ సాయంత్రం ఈ సంగతి విని పెద్దమ్మ చాలా ఏళ్ల తర్వాత అద్దం ముందు కూర్చుని తల దువ్వుకుంది. పుస్తకం ఎప్పుడొస్తుందని రోజూ అడిగేది.

తిరగరాసిన పేజీలు ఆమె బల్ల దాకా రాలేదు. "మీ ఇంటి విషయం కదా, మీరు దిద్దడం బాగోదు" అన్నాడు ఎడిటర్. న్యాయమే కాబోలు అనుకుని ఊరుకుంది.

పుస్తకం వచ్చింది. వెన్నెల, పడవ అలాగే ఉన్నాయి. పేజీ అడుగున కొత్త ఆధారం ఒకటి చేరింది: 'ఉత్తరాలన్నిటిమీదా తమ ఇద్దరి పొడి అక్షరాలు ఆమె స్వయంగా వేసేవారని ఆమె చెల్లెలి కూతురు ఈ రచయితకు ధ్రువీకరించారు.'

పెద్దమ్మ భూతద్దం పెట్టుకుని ఆ వాక్యం రెండుసార్లు చదివింది.

"నేనలా చెప్పలేదు పెద్దమ్మా!"

"నాకు తెలీదా? ఇన్నాళ్లూ ఎవరో బయటివాళ్లు వాగారులే అనుకునేదాన్ని" అంది పెద్దమ్మ. ఆ గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయింది ఆమె. "ఇక ఏడోవాడికి సాక్ష్యం వెతుక్కునే శ్రమ కూడా లేదు. నువ్వున్నావుగా."