లేసు కట్టిన చెయ్యి

"వెనక్కి తియ్! బండి వెనక్కి తియ్! కాలు కింద ఉందిరా!"

అరిచింది నేను. ఫోర్క్‌లిఫ్ట్ ముందు చక్రం సివిల్ కుడి పాదం మీద నిలబడి ఉంది. డ్రైవరు స్టీరింగ్ పట్టుకుని కొయ్యబారిపోయాడు. బెల్టు మాత్రం ఆగలేదు. పార్సిళ్ళు వస్తూనే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉన్నాయి.

పైన అద్దాల గదిలోంచి మేనేజరు మైకులో అన్నాడు. "బెల్టు ఆపినవాడి వారం జీతం కట్!"

ఫిజిక్స్ పరుగెత్తి ఎర్ర బటన్‌ను పిడికిలితో గుద్దాడు. గోడౌన్ ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో సివిల్ మూలుగు అందరికీ వినిపించింది.

సివిల్, ఫిజిక్స్ మా అసలు పేర్లు కావు. ఇక్కడ ఎవరు ఏ చదువు మధ్యలో వదిలేసి వస్తే అదే వాళ్ళ పేరు. నేను ఫార్మసీ. స్కానింగ్ దగ్గర పొద్దుటి నుంచి తల ఎత్తకుండా ఉండేది బీకాం. "మన గోడౌన్లో లేని డిపార్టుమెంటు లేదు, పట్టా ఒక్కటే లేదు" అని సివిల్ నవ్వించేవాడు. మేనేజరు మాత్రం మా అందరికీ పెట్టింది ఒకటే పేరు: రెంటికీ చెడ్డ రేవళ్ళు.

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. మేమంతా ఒకే కాలేజీ. చేరిన రోజున మా స్కూలు సర్టిఫికెట్లు అక్కడి బీరువాలో పెట్టించుకున్నారు. మధ్యలో మానేస్తే, చదవని ఏళ్ళకు కూడా ఫీజు కట్టి వాటిని విడిపించుకోవాలి. మానేసిన మరుసటి నెల నుంచే బ్యాంకు అప్పు వాయిదాలు మొదలవుతాయి. హాస్టల్ గది పోతుంది, బస్సు పాసు పోతుంది. ఎక్కడికి ఉద్యోగానికి వెళ్ళినా కాగితాలు అడుగుతారు. చదివామని చెప్పుకోలేం, చదవలేదని చెప్పుకోలేం. అలాంటివాళ్ళను కాగితం అడగకుండా తీసుకునేది ఈ గోడౌన్ ఒక్కటే. ఎందుకని మాలో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఎందుకు మానేశావని కూడా ఒకరినొకరం అడగలేదు. ఆ రూలు మేనేజరు పెట్టలేదు. మా సిగ్గు పెట్టింది.

మేనేజరు అంబులెన్సు పిలవనన్నాడు. పార్సిల్ వ్యానులోనే సివిల్‌ను పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

*

కౌంటరులో కళ్ళజోడు గుమస్తా గోడౌన్‌కు ఫోన్ చేశాడు, తర్వాత కాలేజీకి చేశాడు. ఫోన్ పెట్టేసి మావైపు విచిత్రంగా చూశాడు.

"గోడౌన్ వాళ్ళేమో, మా కూలీ కాదు, కాలేజీ పంపిన ట్రైనీ, కాలేజీనే అడగండి అంటున్నారు. కాలేజీ వాళ్ళేమో, ఎప్పుడో మానేశాడు, మాకు సంబంధం లేదంటున్నారు. మరి ఈ అబ్బాయికి బాధ్యులెవరమ్మా?"

"నేనున్నానుగా బాబూ, వాళ్ళమ్మని" అంది సివిల్ తల్లి. బట్టలు కుట్టే షాపులోంచి అలాగే వచ్చేసింది. మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతోంది.

"ఖర్చుకు పూచీ పడేదెవరని అడుగుతున్నానమ్మా. సాయంత్రంలోగా ఆపరేషన్ చెయ్యకపోతే పాదం తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరుగారంటున్నారు. ఎవరో ఒకరు మావాడే అని సంతకం పెట్టాలి. నాకు పైనుంచి రూలు."

"కుట్టుమిషన్ అమ్మేస్తాను."

"దాంతో మత్తుమందు కూడా రాదు తల్లీ." ఆ మాట అన్నందుకు అతనే తల దించుకున్నాడు.

అప్పుడు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

నేను ఫోన్ తీసుకుని మెట్ల కిందికి వెళ్ళాను. ఎవరికీ తెలియని దిక్కు నాకొకటుంది. పెదనాన్న. సొంత పెదనాన్న కాడు. ఫీజు కట్టలేక నేను ఏడుస్తూ కూర్చున్న రోజున టీ తాగించి, "ఒక్క ఏడాది పని చేసుకో తల్లీ, నీ సీటు ఎక్కడికీ పోదు, నాన్న లేని పిల్లవి, నన్ను పెదనాన్న అనుకో" అన్న మనిషి. ఈ పని చూపించింది ఆయనే. ఆయనకు చెబితే సివిల్ పాదం దక్కుతుంది.

ఫోన్ ఎంగేజ్.

మళ్ళీ చేశాను. ఎంగేజే. తల తిప్పి చూస్తే కిటికీ దగ్గర బీకాం గోడవైపు తిరిగి ఫోన్ చేస్తోంది. మంచినీళ్ళ కుళాయి పక్కన ఫిజిక్స్, చెవికి ఫోన్, మొహంలో విసుగు. వరండా చివర సివిల్ తల్లి కూడా ఫోన్ పట్టుకుని "ఎత్తు అన్నయ్యా, ఎత్తు" అంటోంది. లైను కలవలేదు ఎవరికీ. ఒకరి ఫోన్ ఇంకొకరికి అడ్డం పడుతోందని ఎవరికి తెలుసు?

లోపలినుంచి కేక వినిపించింది. అందరం పరుగెత్తాం.

నర్సు కత్తెరతో సివిల్ బూటు కోస్తోంది. వాడు ఆవిడ చెయ్యి పట్టుకుని వదలడం లేదు. "కొయ్యొద్దు సిస్టర్! లేసు విప్పండి, కొయ్యొద్దు! అది గురువుగారు కొనిచ్చింది. ఆయన చేత్తో కట్టిన లేసు!"

"ఊరుకో నాయనా, పాదం కన్నా బూటెక్కువా?" నర్సు బూటు ముందు భాగం చీల్చింది. రక్తంతో తడిసిన ఓ ముక్క బయటికి లాగి వెలుతురులో పట్టుకుంది. "ఇదేంటి? పైనేమో వేళ్ళకు ఇనపకప్పు అని అచ్చేసి ఉంది. లోపల అట్ట పెట్టారే!"

నాకు అట్ట కనిపించలేదు. చెవుల్లో ఒకే మాట మోగుతోంది. ఆయన చేత్తో కట్టిన లేసు.

"సివిల్, ఆ గురువుగారు నీ కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాడా? మోకాలు మడిచి?"

"అవును. అంత పెద్దమనిషి..."

"ఎవరికీ చెప్పొద్దు, అందరికీ కొనివ్వలేను, నువ్వంటే ప్రత్యేకం అన్నాడా?"

సివిల్ నొప్పి మర్చిపోయి నన్ను చూశాడు. "నీకెలా తెలుసు?"

నేను నా కాళ్ళకేసి చూసుకున్నాను. గోధుమరంగు బూట్లు. బీకాం కాళ్ళకేసి చూశాను. ఫిజిక్స్ కాళ్ళకేసి చూశాను. అవే బూట్లు. ఏళ్ళ తరబడి పక్కపక్కన నడిచాం. మిగతావాళ్ళవి గోడౌన్ ఇచ్చినవనీ, మన జత ఒక్కటే ప్రేమతో వచ్చిందనీ ఎవరికి వాళ్ళం అనుకున్నాం.

"నాకు మావయ్య" అంది బీకాం.

"నాకు అన్న" అన్నాడు ఫిజిక్స్. "నాకో అన్న ఉండేవాడు, పోయాడని చెప్పాను. నన్నే అన్న అనుకోరా అన్నాడు."

"మా ఇంట్లో అన్నం తిన్నాడే" అంది తల్లి నెమ్మదిగా. "చెల్లెమ్మా, నీ కొడుకు బాధ్యత నాది అన్నాడే."

నలుగురం ఫోన్లు పక్కపక్కన పెట్టి చూశాం. ఒకటే నంబరు.

ఎవరికి ఏ చుట్టం లేడో కనిపెట్టి, వాళ్ళకు ఆ చుట్టమయ్యాడు.

తల్లి ఫోన్ అప్పుడు మోగింది. ఆయనే. స్పీకర్ పెట్టించాను. "చెల్లెమ్మా, విన్నాను, మనసు చచ్చిపోయింది. కానీ మీటింగులో ఉన్నాను. మా కాలేజీ పేరు మాత్రం ఎక్కడా ఎత్తకు. మావాడు తొందరపాటు మనిషి, తప్పు వాడిదే అయ్యుంటుంది." ఫోన్ పెట్టేశాడు.

ఆమె మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది. గట్టిగా, వేళ్ళు తెల్లబడేదాకా.

*

ఆస్పత్రి గేటు బయట టీకొట్టు దగ్గర పోగయ్యాం. కబురు అందుకుని గోడౌన్ నుంచి మిగతా వాళ్ళందరూ వచ్చేశారు. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు కూడా వచ్చాడు. అతని కాళ్ళకు ఆ బూట్లు లేవు. తన చెప్పులు చూపించి "నేను చదవలేదుగా, నాకెవడిస్తాడు" అన్నాడు. అంత బాధలోనూ ఎవరో నవ్వారు.

"ఆ లేసు కట్టినవాడి రెండు కాళ్ళూ విరగ్గొడదాం" అన్నాడు ఫిజిక్స్. "ఈ పూటే. నాకెవరూ తోడు రానక్కర్లేదు."

"నోర్ముయ్" అంది బీకాం. "మన సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉన్నాయి. నువ్వు చెయ్యెత్తు, అవి బూడిదవుతాయి. మాట్లాడుకుందాం, బతిమాలదాం. ఆ పాదం దక్కితే చాలు."

"ఇంకా బతిమాలతావా? ఇన్నాళ్ళూ మనం చేసింది అదేగా! ఆ బీరువాలో ఉన్నది నీ సర్టిఫికెట్టా, నీ వెన్నెముకా?"

"నీకు ఇంటిమీద బ్యాంకు నోటీసు అంటించలేదు, నాకంటించారు! ధైర్యం గురించి నాకు చెప్పకు!"

ఇద్దరూ మీదమీదకు వచ్చారు. నేను మధ్యలో దూరాను. నిజం చెబుతున్నాను, నాకూ అతని రక్తమే చూడాలనుంది. పెదనాన్నా అని పిలిచిన నాలుకను కోసుకోవాలనుంది. కానీ కాలు విరిగితే కట్టు కడతారు. అతన్ని చూడ్డానికి పూలు పట్టుకుని కాలేజీ మొత్తం వస్తుంది.

"కాలు అతుక్కుంటుంది ఫిజిక్స్" అన్నాను. "అతనికి అతుక్కోనిది ఒకటుంది. మంచివాడన్న పేరు. అది విరగ్గొడదాం. అదీ పదిమందిలో. మనమంతా ఒక్కటిగా వెళ్తే ఎవరి సర్టిఫికెట్టని కాలుస్తారు? కాలేజీ పంపిన ట్రైనీలమని గోడౌన్ ఊరికే అందా? ఒక్కొక్కరుగా ఏడ్చాం కాబట్టి ఒక్కొక్కరినే అమ్ముకున్నాడు."

టీకొట్టు ఆమె గ్లాసులు కడుగుతూనే అంది. "ఇవాళ కాలేజీలో కొత్త పిల్లల అడ్మిషన్లు కదా. పొద్దున్నుంచి తల్లిదండ్రులు నా దగ్గరే టీ తాగి వెళ్తున్నారు."

బీకాం కిందికి వంగి బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టింది. "వీటితో ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యను" అంది.

*

ఉత్త కాళ్ళతో వెళ్ళాం. ఎండకు రోడ్డు కాలిపోతోంది. లేసులు ముడివేసి బూట్లు మెడలో వేసుకున్నాం. నడుస్తుంటే అవి గుండెలమీద కొట్టుకుంటున్నాయి. గేటు దగ్గర కాపలావాడు అడ్డం వచ్చాడు. "ఏంటీ వేషాలు? చెప్పుల్లేకుండా లోపలికి రాకూడదు."

"బూట్లున్నాయి బాబూ, తొడుక్కోలేదంతే" అంది సివిల్ తల్లి, ఆగకుండా.

అడ్మిషన్ హాలు కిక్కిరిసి ఉంది. కొత్త బట్టల్లో పిల్లలు, వాళ్ళ వెనక చేతుల్లో ఫైళ్ళతో తల్లిదండ్రులు. వేదిక మీద అతను. అదే తెల్లచొక్కా, అదే మెత్తటి గొంతు. "ఫీజు గురించి దిగులు పడకండి. ఏ కష్టమొచ్చినా నా గది తలుపు తెరిచే ఉంటుంది" అంటున్నాడు మైకులో.

నేను ముందుకెళ్ళి బూట్లు వేదిక అంచున పెట్టాను. తర్వాత బీకాం పెట్టింది. తర్వాత ఫిజిక్స్. ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్నారు. హాలంతా లేచి నిలబడింది.

అతని నవ్వు చెదరలేదు. "వీళ్ళంతా మన పాత పిల్లలే. ఏంటి తల్లీ, ఏదైనా కష్టమా?"

"మా సివిల్ పాదం నలిగింది పెదనాన్నా. సాయంత్రంలోగా ఆపరేషన్ చెయ్యాలి. మావాడే అని ఒక్క సంతకం పెట్టండి."

"అయ్యో పాపం. కానీ ఆ అబ్బాయి ఎప్పుడో మానేశాడు కదమ్మా." మైకు అతని నోటి దగ్గరే ఉంది. "మానేసినవాళ్ళతో కాలేజీకి ఏ సంబంధమూ ఉండదు."

ఆ మాట నోట్లో ఉండగానే వెనక తలుపు దభీమని తెరుచుకుంది. మేనేజరు. చెమటలు కారుతున్నాయి, టై పక్కకు పోయింది. బెల్టులన్నీ ఆగిపోయి, పార్సిళ్ళు రోడ్డు మీదికి వచ్చేసి, పైవాళ్ళు తిడుతుంటే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. మమ్మల్ని చూడలేదు. నేరుగా వేదికకేసి అరిచాడు.

"ఏంటి సార్ ఇది? మీ ట్రైనీలు పని వదిలేసి ఇక్కడున్నారేంటి? తలకింత అని ప్రతినెలా మీకు కడుతూనే ఉన్నాంగా! వీళ్ళు మా విద్యార్థులే, ఎక్కడికీ పోలేరు, సర్టిఫికెట్లు నా దగ్గరే ఉన్నాయని మీరేగా చెప్పింది!"

హాల్లో తలలన్నీ వేదికకేసి తిరిగాయి.

మేనేజరు చుట్టూ చూశాడు. నాలుక కరుచుకున్నాడు. కానీ తూటా అప్పటికే పేలిపోయింది.

"చూడండి, ఈయనెవరో..." అతను మైకు మీద చెయ్యి పెట్టాడు. లేసు కట్టిన చెయ్యి.

ముందు వరుసలో కూతురి భుజం పట్టుకుని నిలబడ్డ ఒక తండ్రి, లారీ డ్రైవరులా ఉన్నాడు, తన ఫైలు చంకలో గట్టిగా నొక్కుకున్నాడు. "అమ్మా, ఎవరితను? మీకేమవుతాడు? ఆ బూట్లేంటి?"

"నాకు మావయ్యనన్నాడు" అంది బీకాం. "కాళ్ళ దగ్గర కూర్చుని తొడిగాడు."

"నాకు అన్ననన్నాడు" అన్నాడు ఫిజిక్స్.

"బాబాయినన్నాడు." "తాతనన్నాడు." "అమ్మలాంటివాణ్ణి అన్నాడు." మా వెనకనుంచి గొంతులు లేస్తూనే ఉన్నాయి.

సివిల్ తల్లి వేదిక ఎక్కింది. రక్తం ఎండిన అట్టముక్క అతని ముందు బల్లమీద పెట్టింది. "అన్నయ్యా, ఇది నీ మేనల్లుడి బూటులోది" అంది. అతను వెనక్కి జరిగాడు.

మైకు ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. నాకు అందించింది. ఆస్పత్రి గుమస్తా అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఈ అబ్బాయికి బాధ్యులెవరమ్మా? ఆస్పత్రి కౌంటరుకు ఫోన్ చేసి గుమస్తాను పిలిపించాను. లైనులో ఉండమన్నాను. ఒక చేతిలో ఫోన్, ఒక చేతిలో మైకు పట్టుకుని హాలుకేసి తిరిగాను.

"ఇతను ఎవరికీ పెదనాన్న కాడు, మావయ్య కాడు, అన్న కాడు. మాచేత చదువు మాన్పించింది ఇతను. గోడౌన్‌కు అమ్మింది ఇతను. ఇనుమని చెప్పి అట్ట తొడిగింది ఇతను. మీ పిల్లల కాళ్ళ దగ్గర రేపు కూర్చోబోయేదీ ఇతనే. రాసుకోండి గుమస్తాగారూ, మా సివిల్ పాదానికి బాధ్యుడు ఈ కాలేజీ విద్యార్థి సంక్షేమాధికారి!"