చప్పుడు ఆగిన మగ్గం

ఫౌజు లారీ మా సాలోళ్ల వాడకు వస్తోందని వినగానే తలుపు గడియ పెట్టాను. నిజాం మీదికి ఇండియా యూనియన్ పటాలం ఇవాళో రేపో వచ్చి పడుతుందట. అందుకని నిజాం ఫౌజు జమేదారు ఒకడు పనిలేని మగవాళ్లను ఏరి లారీ ఎక్కిస్తున్నాడట. నారాయణపేటలో పనిలేని వాళ్లకేం కొదువ? నూలు రాక నెలలైంది. మగ్గం చప్పుడు లేని ఇంటి తలుపే తడుతున్నాడట, వాడి నోట్లో మన్నుపడ!

"ఏమయ్యా, గుంటల కూసుండు, జల్ది!" అన్నాను మా ఆయనతో.

లింగస్వామి మగ్గం గుంటలోకి దిగాడు. పడుగు లేదు, పేక లేదు. దారం లేని వట్టి నాడెను అటూ ఇటూ విసురుతూ, చప్పుడయ్యేలా మగ్గం పలక కొట్టసాగాడు.

"ఆపకు. నీకు దండం పెడ్త, ఆపకు."

లారీ ఆగింది. బూట్ల చప్పుడు మా గోడ దాకా వచ్చింది. కిటికీలోంచి ఒక ఖాకీ టోపీ లోపలికి వంగింది. చూస్తే మల్లప్ప! మొన్నటిదాకా మా వెనక వీధిలో చీరలు నేసినవాడు. ఖాళీ మగ్గాన్ని చూశాడు, నన్ను చూశాడు. అయిపోయిందనుకున్నాను.

"ఆపకుంట గింతసేపు ఎవడన్న నేస్తడార?" అన్నాడు గొంతు తగ్గించి. "నాడెల నూలు కండె అయిపోతే ఆగి మార్చాలె గద! జర ఆగి ఆగి కొట్టు."

వెనక్కి తిరిగి, ఇక్కడ పని నడుస్తోంది సాబ్ అని ఉర్దూలో కేకేశాడు.

బతికిపోయాం. మల్లప్ప కాళ్లకు మొక్కాలనిపించింది. లింగస్వామి మాత్రం అతని నిండు బుగ్గలనే చూస్తున్నాడు.

"మల్లన్నా, నిన్నెట్ల పట్టుకపోయిండ్రే?"

"నన్నెవ్వడు పట్టలే. నేనే పోయిన." మల్లప్ప తల దించుకున్నాడు. "రెండు పూటల రొట్టె పెడ్తున్నరు. ఇంటికి జొన్నలు పంపుతున్నరు."

మల్లప్ప లారీ వైపు వెళ్లిపోయాడు. మూలన మా చిన్నపిల్ల నర్సింగమ్మ అంబలి గిన్నె నాకుతోంది. అందులో పొద్దుటి నుంచీ ఏమీ లేదు. మా ఆయన దాన్నే చూస్తూ నాడె పక్కన పెట్టి గుంటలోంచి లేచాడు.

"ఎటు?" అని అంగీ పట్టుకున్నాను. "ఫిరంగుల ముంగట నిలబెడ్తరయ్యా, చస్తవ్!"

"ఈడుంటె బతుకుతమా, హనుమమ్మా?"

మగ్గం చప్పుడు ఆగినా మా తలుపు ఎవరూ తట్టలేదు. లోపలి నుంచి ఆయనే గడియ తీశాడు.