ఒక్కరోజు కాగితం

బొటనవేలు పువ్వు కింద, చూపుడువేలు పైన. టక్కున విరుపు, నడుముకు కట్టిన సంచిలోకి జారవిడుపు. నిద్రమత్తు పూర్తిగా వదలకముందే వెల్కా మూడు వరుసలు కోసేసింది. ముసలికొండ మీంచి దిగిన మంచు పొదల మధ్య ఎటూ కదలక నిలిచి ఉంది. చేతులు మోచేతుల దాకా తడిసిపోయాయి. పక్క వరుసలో పొరుగింటి దోన్కా తలకు కట్టిన ఎర్ర రుమాలు ఒక్కటే తేలుతూ కనిపిస్తోంది.

ముప్పై ఒక్క ఏళ్లు మేజోళ్ల మిల్లులో మేజోళ్ల కొసలు కుట్టిన చేతులవి. చలికాలంలో మిల్లు మూతపడింది. పింఛను వచ్చేదాకా, ఇంకో అయిదు నెలలు, నిరుద్యోగ భృతే ఆమెకు ఆధారం. కడుపుకు ఆధారం దొరికింది గాని చేతులకు దొరకలేదు. ఇంట్లో కూర్చుంటే అవి ఒళ్లో ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువుల్లా పడి ఉండేవి.

మా లోయలో భృతి తీసుకునేవాళ్లు గులాబీ కోతకు దొంగచాటుగానే వస్తారు. కూలి కాగితం మీద సంతకం పెడితే భృతి పోతుందని అందరి నమ్మకం. నిజమేనా అని వెళ్లి అడిగిన పాపాన ఎవరూ పోలేదు. తనిఖీ కారు కనిపిస్తే పొదల్లో నక్కడం మాకో ఆనవాయితీ. మొన్న వెల్కా కూడా నక్కింది. యాభై తొమ్మిదేళ్ల మనిషి, పరాయి సొత్తు పూచికపుల్ల ముట్టని మనిషి, ముళ్లలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆ సిగ్గు ఆమెను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ ఉదయం మేస్త్రీ మిత్యును ఒక్కరోజు కూలి కాగితం అడిగి, సంతకం చేసి, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంది.

"కొరివితో తల గోక్కుంటున్నావే," అంది దోన్కా. "భృతి ఆఫీసులో నెలనెలా పెట్టే సంతకం ఇవాళే కదా. వాసన చూసే పట్టేస్తారు."

"పట్టుకోవడానికి దాస్తే కదా. నేనే చూపిస్తా."

"చూపించు, చూపించు. అయిదు నెలలు గాలి భోంచేద్దువుగాని."

వెల్కా తర్వాతి పొదకు జరిగింది. భయం లేక కాదు, చాలా భయంగా ఉంది.

ఎండెక్కితే పువ్వులో నూనె ఎగిరిపోతుంది కాబట్టి తొమ్మిదికల్లా కోత ఆపేశారు. ఆమె కోత సంచి విప్పడం కూడా మరిచి బస్సెక్కింది. డ్రైవరు స్లావి అద్దంలోంచి చూసి నవ్వాడు.

"పిన్నీ, నువ్వెక్కగానే నా బస్సు పెళ్లికూతురైపోయింది."

ఆఫీసు కిటికీ వెనకున్న అమ్మాయి తలెత్తకుండానే, "గులాబీలా?" అంది. వెల్కా మడతలు విప్పి కాగితం ముందుకు తోసింది. ఆ అమ్మాయి చదివింది.

"దీనివల్ల భృతి పోదు పిన్నీ."

"పోదా?"

"పోదు. మీ ఊరివాళ్లు ఒక్కరూ అడగరేం?"

వెల్కా కిటికీకి దగ్గరగా వంగింది. "ఆ ముక్క దీని వెనకాల రాసివ్వమ్మా. నేను చెబితే దోన్కా నమ్మదు," అంది. అమ్మాయి నవ్వుతూ రెండు వాక్యాలు రాసి ముద్ర వేసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎండకు కళ్లు మూసుకుంటే రెప్పల వెనక మళ్లీ మంచు, మంచులో ఎర్ర రుమాలు. చేతులు ఒళ్లోనే ఉన్నాయి, కానీ ఇప్పుడవి తనవే. దోన్కా మొహం ఎలా పెడుతుందో ఊహించుకుని ఆమె పెదవులు కదిలాయి. ఎంత సంతోషంగా ఉందో చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

చివరి స్టాపులోనూ ఆమె దిగకపోవడం స్లావి చూశాడు. అలిసిపోయింది, పడుకోనీ అనుకున్నాడు. ఎండ పడకుండా తెర లాగి, మెట్ల మీద కూర్చుని నెమ్మదిగా రొట్టె తిన్నాడు. తిరిగి బయల్దేరే వేళయ్యాక, "పిన్నీ," అని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం తాకాడు. ఏ రెండు ఊళ్ల మధ్యనో, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, ఆమె ప్రాణం వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లారకముందే దోన్కా వాచిన కళ్లతో మిత్యు ముందు నిలబడి, "నాకూ కాగితం ఇయ్యి," అంది. ఆమె వెనక మనుషుల వరుస పెరిగింది. ఎనిమిదింటికి తనిఖీ కారు వచ్చింది. పొదల మీద రుమాళ్లు ఒక్కటీ కిందికి వంగలేదు.

పూలు తూచే కాటా పక్క గుంజకు దోన్కా మేకు కొట్టిన వెల్కా కాగితం, నాలుగు మడతల గీతలతో, ముద్ర ఉన్న వైపు బయటికి, మంచుకు మెత్తబడుతోంది.