పుష్పావతి కాలు, పదకొండుగురు రచయితలు

పుష్పావతి కాలును మీరు మాగబెట్టారు. ఔను, మిమ్మల్నే, పెనుకొండ దగ్గరి ఆ మెడికల్ కాలేజీ పెద్దలారా! మామిడికాయను గడ్డిలో పెట్టినట్టు ఒక ఆడమనిషి పుండును నెలల తరబడి మాగబెట్టి, పండాక విదేశీ పత్రికకు పంపుకున్నారు. కాదనే దమ్ముంటే ముందుకు రండి.

పుష్పావతిది ధర్మవరం. గుంట మగ్గంలో కూర్చుని, కాళ్ళతో చెక్కలు తొక్కుతూ పట్టుచీరలు నేస్తుంది. చెక్క పేడు గుచ్చుకుని కుడి పాదం పుండైంది. వీధిలో ఆర్‌ఎంపీ సుంకప్ప అందరికీ వేసే సూదే ఆమెకూ వేశాడు. జ్వరానికీ అదే, దగ్గుకూ అదే, ఒళ్ళు నొప్పులకూ అదే. ఆ వీధి క్రిములు ఆ మందును పొద్దుటి కాఫీలా తాగడానికి అలవాటు పడ్డాయి. పుండు మానలేదు.

భర్త తిమ్మరాజు, అతనూ నేతగాడే, ఆమెను పెనుకొండ తీసుకెళ్ళాడు. అక్కడ ప్రొఫెసర్ జయచంద్ర ఆ పాదాన్ని చూసి, పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చినవాడిలా మురిసిపోయాడు. మందులకు లొంగని క్రిముల మీద ఆయన పరిశోధన. ప్రమోషన్‌కు ఒక వ్యాసం తక్కువైంది.

ల్యాబులో చీము పరీక్ష చేశారు. సుంకప్ప సూదులేవీ పనిచేయవని తేలింది. ఏ మందుల షాపులోనైనా దొరికే పాత మాత్ర ఒకటి పనిచేస్తుందనీ తేలింది. ఆ సంగతి ప్రొఫెసర్‌కు తెలుసు, డీన్‌కు తెలుసు. కాలున్న మనిషికి మాత్రం చెప్పలేదు. అచ్చు కాకముందు ఫలితం బయటికి పొక్కకూడదట! పత్రికవాళ్ళు పుండు ఎలా ముదురుతుందో చూపే ఫొటో ఇంకొకటి కావాలన్నారట. ముదిరింది. తీశారు. "బ్రహ్మాండం!" అన్నాడు జయచంద్ర.

మనవాళ్ళ అమాయకత్వం కూడా తక్కువది కాదు. పోయిన ప్రతిసారీ దూదిపుల్లతో చీము తీసి, కట్టుకట్టి పంపేస్తుంటే, ఆ తీయడమే వైద్యమనుకున్నారు మొగుడూ పెళ్ళాం.

"విషమంతా లాగేస్తాండారయ్యా. ఇంగా కొన్ని తూర్లు లాగితే ఖాళీ అయితాది" అనేది పుష్పావతి తిరుగు బస్సులో.

"ఫొటోలు కూడా తీస్తాండారు గదా! సుంకప్ప ఎప్పుడన్నా తీసినాడా?" అనేవాడు తిమ్మరాజు గొప్పగా.

జయచంద్ర ఆ భ్రమను సరిదిద్దలేదు. భ్రమ ఉంటే మళ్ళీ వస్తారు. చీమూ వస్తుంది.

చివరికి పాదం బూరెలా వాచింది. హిందూపురంలో సర్జన్ చూసి, చీము ఎముక దాకా పోతోంది, వేళ్ళు తీసేయాల్సిందేనని కోతకు రోజు పెట్టాడు. పుష్పావతి ఒక్కటే అడిగింది.

"వేళ్ళు లేకుండా మగ్గం తొక్కేకి అయితాదా సార్?"

ఆయన సంతకానికి కాగితం ముందుకు జరిపాడు.

సరిగ్గా కోతకు ముందురోజే జయచంద్రకు సన్మానం. వ్యాసం అచ్చయింది మరి! పదకొండుగురు రచయితలు. ప్రొఫెసర్, డీన్, డీన్ భార్య, ఆమె తమ్ముడు... వీళ్ళలో చాలామంది ఆ కాలును కంటితో చూడలేదు. కాలు సొంతదారు పేరు ఎక్కడా లేదు. హిందూపురం కళ్యాణమండపంలో సభ. పట్టుశాలువా తిమ్మరాజే నేయాలి, రోగుల తరఫున తన చేతులతో కప్పాలి అని ప్రొఫెసరే ఫోన్ చేశాడు. ఒప్పుకున్న మాట కదా, తిమ్మరాజు తెచ్చాడు.

వేదిక ఎక్కి శాలువా మడత విప్పుతుండగా వెనక తెర మీద బొమ్మ పడింది. మంచమంత పాదం.

"సార్, ఇది మా పుష్పావతి కాలు!"

"ఔనప్పా, మీ ఇంటి కాలు ఫారిన్ పోయింది!" అన్నాడు డీన్. చప్పట్లు.

మైకు ముందు జయచంద్ర చెప్పుకుపోతున్నాడు. "ఈ క్రిమికి పనిచేసే మందును మేము పోయిన చలికాలంలోనే కనుక్కున్నాం."

తిమ్మరాజు చేతులు ఆగిపోయాయి.

"చలికాలంలోనేనా? ఏం మందు సార్ అది?"

"తర్వాత మాట్లాడదాం. శాలువా కప్పప్పా, ఫొటో తీస్తాండారు."

"పేరు చెప్పండి సార్."

"వ్యాసంలో ఉండాది. డబ్బు కట్టి చదవల్ల, పత్రిక రూలు."

"మా చీము మేం ఊరికే ఇస్తిమి గదా?"

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. డీన్ లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, పెద్దోళ్ళ ముందర గలాటా చేస్తాండావు?"

"నేనేం చేస్తి సార్? శాలువా పట్టుకోని నిలబడినా. పేరు చెప్తే కప్పుతా. చెప్పకుంటే ఈడనే ఉంటా. రేపు మా ఇంటిదాని వేళ్ళు కోసేస్తారు, నేను ఇంటికి పోయి చేసేదేముండాది?"

ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తి పట్టుకునే ఉన్నాడు. శాలువా పడితే గానీ భోజనాలు మొదలవవు. లోపలి నుంచి బిర్యానీ వాసన వచ్చేస్తోంది. వెనక వరుసలవాళ్ళకు ఒక్కసారిగా రోగుల హక్కులు గుర్తొచ్చాయి.

"చెప్పేయండి సార్! పాపం, చెప్పేయండి!"

"డాక్సీసైక్లిన్" అన్నాడు ప్రొఫెసర్, పళ్ళ సందుల్లోంచి.

తిమ్మరాజు శాలువాను కుర్చీ మీద పడేసి సర్జన్ దగ్గరికి పరుగెత్తాడు. సర్జన్ కాలేజీకి ఫోన్ చేసి, గట్టిగా అరిచి, ల్యాబ్ ఫలితం తెప్పించుకున్నాడు. కోత ఆపి, చీము శుభ్రం చేసి మాత్ర మొదలుపెట్టాడు. వాపు దిగుతోంది. చిటికెన వేలు దక్కదట, మిగతావి దక్కుతాయేమో చూడాలట.

ఇంతటితో చాలనుకుంటే మనకు సిగ్గులేదు. ఆ ల్యాబులో తాడిమర్రివాళ్ళ చీముంది, కొత్తచెరువువాళ్ళది ఉంది, గుడిబండవాళ్ళదీ ఉంది. ఏ మందు ఎవరికి పనిచేస్తుందో కంప్యూటర్‌కు తెలుసు. ఆ మనుషులకు తెలియదు. ప్రొఫెసర్ గారూ, ఫోన్ తీయండి. ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్ళకు అర్థమయ్యే మాటలో వాళ్ళ ఫలితం చెప్పండి, మందు రాసివ్వండి. రేపు కాదు, ఇప్పుడే. రెండో వ్యాసం మొదలుపెట్టారని విన్నాం. ఆఖరి రోగికి మందు అందేదాకా దాంట్లో ఒక్క అక్షరం రాయడానికి వీల్లేదు.